కార్న్ స్నేక్ గుడ్లను ఇంట్లో పొదిగించడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్న్ స్నేక్ అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగానికి చెందిన విషం లేని పాము. న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా దాకా అడవుల అంచుల్లోనూ, పాడుబడిన కొట్టాల్లోనూ, ధాన్యం నిల్వచేసే చోట్లా ఎలుకలను తింటూ బతుకుతుంది. దీని గుడ్లను పొదిగించడం గురించి ఇంగ్లీషులో దొరికే సలహాలు ఎక్కువగా చలి ప్రాంతాల వారు రాసినవి కావడంతో, అవి గుడ్లను ఎలా వెచ్చగా ఉంచాలో మాత్రమే చెబుతాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో కనిగిరిలోనో ఉన్న మనకు ఆ చిక్కు లేదు. వేసవిలో గుడ్లు ఉడికిపోకుండా ఎలా కాపాడుకోవాలన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవి.

గుడ్లు పెట్టింది కదా అని తప్పనిసరిగా పొదిగించాలా?

అక్కర్లేదు. ఒక ఆడపాము ఒక్క విడతలో సాధారణంగా 10 నుంచి 30 దాకా గుడ్లు పెడుతుంది. అవి పిల్లలైతే ప్రతి పిల్లకూ విడిగా ఒక డబ్బా, విడిగా నీళ్ల గిన్నె, అయిదారు రోజులకొకసారి ఒక పసి ఎలుక పిల్ల కావాలి. ఇరవై పిల్లలకు నెలల తరబడి ఇవన్నీ సమకూర్చగలమా, ఆ తరువాత వాటిని బాధ్యతగా పెంచగలిగిన వారు మనకు తెలుసా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే పొదిగించే ఆలోచన చేయాలి. జవాబు లేకపోతే, గుడ్లు పెట్టిన రోజునే, పిండం ఇంకా చిన్నదిగా ఉండగానే, వాటిని ఫ్రీజర్‌లో పెట్టి ఎదుగుదల ఆపడం పెంపకందారులు పాటించే పద్ధతి. వినడానికి కష్టంగా ఉన్నా, తిండి లేక, తీసుకునేవారు లేక పిల్లలు మాడిపోవడం కంటే ఇది ఎంతో మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మగపాముతో కలవకుండా పెరిగిన ఆడపాము కూడా కొన్నిసార్లు గుడ్లు పెడుతుంది. కోడిపెట్ట పుంజు లేకుండా గుడ్లు పెట్టినట్టే ఇదీ. అలాంటి గుడ్లు దాదాపుగా ఎప్పుడూ పిల్లలు కావు.

చట్టం ఏమంటుంది?

మన దేశపు పాములను, వాటి గుడ్లను ఇంట్లో ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కార్న్ స్నేక్ విదేశీ జాతి గనుక దాని లెక్క వేరు. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ జాబితాల్లో ఉన్న విదేశీ జంతువులను పెంచేవారు వాటి వివరాలు ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ ఆ జాబితాలో ఉంది. కార్న్ స్నేక్ లేదు. అయినా పామును ఎక్కడ కొన్నారో తెలిపే రశీదును, గుడ్లు పెట్టిన తేదీని, పిల్లల సంఖ్యను ఒక పుస్తకంలో రాసి దాచుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి జత కట్టించే ముందే జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఆడపాము ఏ వయసుకు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతుంది?

మూడేళ్ల వయసు, మూడడుగుల పొడవు, 300 గ్రాముల బరువు అన్నది పెంపకందారులు గుర్తుపెట్టుకునే కొలత. మూడూ కుదిరేదాకా ఆగాలి. చిన్న పాము గుడ్లు పెట్టలేక లోపలే ఇరుక్కుని చనిపోయే ప్రమాదం ఉంది.

మన వాతావరణంలో గుడ్లు ఏ నెలలో పడేలా చూసుకోవాలి?

దీని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. కార్న్ స్నేక్ తన స్వస్థలంలో చలికాలమంతా కదలకుండా పడుకుని, వసంతంలో జతకట్టి, మే నుంచి జూలై లోపు గుడ్లు పెడుతుంది. ఆ తేదీలనే మనమూ పాటిస్తే గుడ్లు సరిగ్గా అగ్ని కార్తెల్లోనూ, రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనూ పొదగాల్సి వస్తుంది. అందువల్ల క్రమాన్ని ముందుకు జరపాలి. నవంబరు మధ్యలో మేత ఆపి, కడుపులో ఉన్నది పూర్తిగా అరగడానికి రెండు వారాలు గడువిచ్చి, డిసెంబరు, జనవరి నెలల్లో ఇంట్లోకెల్లా చల్లని గదిలో, వెలుతురు తక్కువగా ఉండేటట్టు పామును ఉంచాలి. కడుపులో ఎర మిగిలి ఉండగా చల్లబరిస్తే అది అరగక కుళ్లి పాము ప్రాణానికే ముప్పు తెస్తుంది కనుక ఆ రెండు వారాల గడువును తగ్గించకూడదు.

చలి దేశాల వారు 10 నుంచి 13 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. మన డిసెంబరు రాత్రులు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. దాని గురించి దిగులు పడనవసరం లేదు. అంత చలి చూపించకపోయినా కార్న్ స్నేక్‌లు జత కట్టడం సాధారణమే. జనవరి చివర మళ్లీ వెచ్చబరచి, బాగా మేపి, కుబుసం విడిచిన తరువాత ఫిబ్రవరిలో మగపాముతో కలిపితే, కలిసిన 30 నుంచి 45 రోజులకు, అంటే మార్చి చివరనో ఏప్రిల్ మొదట్లోనో గుడ్లు పడతాయి. పిల్లలు మే నెలాఖరుకో జూన్ మొదటికో వస్తాయి. ఆఖరి రోజులు ఎండల్లో పడడం అప్పటికీ తప్పదు గానీ, పొదిగే కాలమంతా మండుటెండలో గడవదు.

ఏసీ గది లేని ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

గుడ్లు పెట్టబోతోందని ఎలా తెలుస్తుంది?

నడుము నుంచి తోక వైపు ఒళ్లు బరువెక్కి, మేత మీద ఆసక్తి తగ్గుతుంది. గుడ్లు పెట్టడానికి ముందు పాము ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ రోజును క్యాలెండరు మీద రాసుకోండి, ఎందుకంటే అక్కడి నుంచి వారం నుంచి రెండు వారాల్లో గుడ్లు పడతాయి. కుబుసం కనిపించిన వెంటనే, పాము చుట్టచుట్టుకుని పట్టేంత మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కన ఒక రంధ్రం చేసి, లోపల తడిపి బాగా పిండిన నాచు వేసి గూట్లో పెట్టాలి. పూల మొక్కలమ్మే నర్సరీల్లో దొరికే స్పాగ్నమ్ నాచు ఇందుకు సరిపోతుంది. ఈ డబ్బా పెట్టకపోతే పాము నీళ్ల గిన్నెలోనే గుడ్లు పెట్టవచ్చు, అవి మునిగి పాడవుతాయి.

గుడ్లను చేత్తో తీయవచ్చా? తిప్పవచ్చా?

తీయవచ్చు, తిప్పకూడదు. కోళ్లు పెంచిన ఇళ్లలో పుట్టిన మనకు గుడ్లను రోజూ తిప్పాలన్నది అలవాటుగా వచ్చిన విషయం. కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే మెలితిరిగిన పోగులు ఉంటాయి కనుక అది ఎటు తిరిగినా పిండం పైకే వస్తుంది. పాము గుడ్డులో అలాంటి పోగులు లేవు. గుడ్డు పడిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పెంకు పైభాగానికి అతుక్కుని, అక్కడే రక్తనాళాలు పరచుకుంటుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పచ్చసొన బరువు పిండం మీద పడి అది చనిపోవచ్చు. గుడ్డు ఎలా ఉంటే అలాగే ఎత్తి, పైభాగాన మెత్తటి పెన్సిలుతో చిన్న గీత గీసి, ఆ గీత ఎప్పుడూ పైకే ఉండేలా చూసుకోవాలి. స్కెచ్ పెన్ను వాడకండి, సిరా పెంకులోంచి లోపలికి ఇంకుతుంది.

పామును గుడ్ల మీద నుంచి తీసేటప్పుడు నెమ్మదిగా తీయాలి. కార్న్ స్నేక్ తల్లి గుడ్లను పొదగదు. గుడ్లు పెట్టాక అడవిలోనైనా వాటిని వదిలి వెళ్లిపోతుంది కాబట్టి, తల్లిని వేరు చేయడం పాపమేమో అన్న సంకోచం అక్కర్లేదు.

గుడ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయాలా?

పెట్టిన కొద్ది గంటల్లో అయితే మెత్తగా విడిపోతాయి. ఆరి గట్టిగా పట్టుకున్న తరువాత లాగితే పెంకు చిరుగుతుంది. అప్పుడు గుత్తిని గుత్తిగానే పొదిగించడం మేలు. గుత్తిలో ఒకటి పాడైనా పక్కది బతికే అవకాశం బాగానే ఉంటుంది.

గుడ్లను దేనిలో ఉంచాలి?

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో రెండు మూడంగుళాల మందాన వర్మిక్యులైట్ పోసి, అందులో గుడ్లను సగం దాకా దింపాలి. వర్మిక్యులైట్ అభ్రకం జాతి ఖనిజం. గూడూరు, సైదాపురం ప్రాంతాల గనులతో అభ్రకానికి పేరుపొందిన నెల్లూరు గడ్డలో ఇదీ దొరుకుతుంది. వేడిచేసి ఉబ్బించిన వర్మిక్యులైట్‌ను మిద్దెతోటల వాళ్లు కుండీల్లో వాడతారు, కనుక నర్సరీల్లో అడిగితే ఇస్తారు. ఎరువు కలిపినది మాత్రం తీసుకోకండి.

వర్మిక్యులైట్ ఎంత బరువుంటే అంతే బరువు నీళ్లు కలపాలి. తూకం లేకపోతే పిడికిట్లో పట్టి నొక్కి చూడండి: ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీటిచుక్క రాలకూడదు. మూతకు రెండు మూడు సన్నని రంధ్రాలు చాలు. వారానికొకసారి మూత తీసి, ఒక నిమిషం గాలి ఆడనిచ్చి మళ్లీ మూయాలి. మూత లోపల పేరుకున్న నీటిబొట్లు గుడ్ల మీద పడుతుంటే తుడిచేయాలి, లేదా డబ్బాను ఒక వైపు కాస్త ఎత్తి పెట్టాలి. మళ్లీ నీళ్లు పోయాల్సి వస్తే డబ్బా అంచుల వెంట పోయాలి గానీ గుడ్ల మీద చల్లకూడదు. పోసే నీళ్లు కూడా డబ్బాలోని వేడికి దగ్గరగా ఉండాలి.

ఎంత వేడి ఉండాలి?

26 నుంచి 29 డిగ్రీల మధ్య, కుదిరితే 28 దగ్గర నిలకడగా ఉంచాలి. ఆ వేడికి పిల్లలు సుమారు 55 నుంచి 65 రోజుల్లో వస్తాయి. 25 డిగ్రీలున్నా భయం లేదు, కొన్ని రోజులు ఆలస్యమవుతాయంతే. పై హద్దు దాటడంలోనే ప్రమాదం ఉంది. 32 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే వెన్ను వంకర తిరిగిన పిల్లలు, కళ్లు సరిగా ఏర్పడని పిల్లలు రావచ్చు. ఇంకా ఎక్కువైతే గుడ్లన్నీ చనిపోతాయి. చల్లదనం ఆలస్యం చేస్తుంది, వేడి చంపుతుంది కాబట్టి, అనుమానంగా ఉన్నప్పుడల్లా చల్లదనం వైపు మొగ్గడం క్షేమం.

వేడిని బట్టి మగపిల్లలో ఆడపిల్లలో పుడతాయా అని చాలామంది అడుగుతారు. మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో అలా జరుగుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువవుతాయి. పాముల్లో అలా ఉండదు. తల్లి నుంచి వచ్చే క్రోమోజోమే ఆడో మగో నిర్ణయిస్తుంది.

కోడిగుడ్ల ఇంక్యుబేటర్ వాడవచ్చా?

ఉన్నది ఉన్నట్టుగా వాడితే గుడ్లు చనిపోతాయి. కోళ్ల ఇంక్యుబేటర్‌ను 37.5 డిగ్రీలకు పెట్టి ఉంచుతారు, పైగా అది గుడ్లను తిప్పుతుంది. తిప్పే పళ్లేన్ని తీసేసి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 28కి తగ్గించగలిగితే శీతకాలంలో పనికొస్తుంది. వేసవిలో పనికిరాదు, ఎందుకంటే ఆ యంత్రం వేడి చేయగలదే కానీ చల్లబరచలేదు. గది 36 డిగ్రీలుంటే లోపలా 36 డిగ్రీలే ఉంటుంది. ఇంక్యుబేటర్ కొన్నాం కదా అని నిశ్చింతగా ఉండేవారు గ్రహించవలసినది ఇదే.

మరి ఏప్రిల్, మే నెలల్లో చల్లగా ఉంచడం ఎలా?

ముందుగా ఒక థర్మకోల్ పెట్టె సంపాదించండి. రొయ్యల, చేపల రవాణాకు వాడే మందపాటి పెట్టెలు మన తీరప్రాంతంలో ఎక్కడైనా దొరుకుతాయి. దాన్ని సబ్బుతో కడిగి ఆరబెట్టి, గుడ్ల డబ్బాను మధ్యలో పెట్టి, చుట్టూ నీళ్లు నింపిన లీటరు సీసాలు నాలుగైదు నిలబెట్టండి. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతలో వచ్చే ఎగుడుదిగుళ్లు గుడ్ల దాకా చేరవు. థర్మామీటరు కొసను గుడ్ల పక్కనే, వాటి ఎత్తులోనే ఉంచాలి. పెట్టె గోడకు తగిలించిన థర్మామీటరు గోడ వేడిని చెబుతుంది తప్ప గుడ్ల వేడిని చెప్పదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే డిజిటల్ రకం కొంటే, మధ్యాహ్నం మీరు ఇంట్లో లేనప్పుడు ఎంత దాకా వెళ్లిందో తెలుస్తుంది.

ఈ పెట్టెను ఏసీని 27 డిగ్రీల మీద ఉంచిన గదిలో, గాలి నేరుగా తగలని మూలన, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచాలి. పడమటి ఎండ పడే గోడకు దూరంగా ఉండడం ముఖ్యం. ఆ గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఏసీ గాలిని పొడిబరుస్తుంది గానీ, గుడ్లు మూత వేసిన డబ్బాలో ఉంటాయి కనుక ఇబ్బంది లేదు. చల్లబరచడం, వెచ్చబరచడం రెండూ చేయగలిగిన చిన్న ఎలక్ట్రిక్ పెట్టెలు కూడా దొరుకుతాయి. వాటికి విడిగా థర్మోస్టాట్ తగిలించి, ఖాళీగా వారం రోజులు నడిపి చూసి, నమ్మకం కుదిరాకే గుడ్లు పెట్టండి.

ఎయిర్ కూలర్ సంగతి ఊరిని బట్టి మారుతుంది. ఉదయగిరి, కనిగిరి వైపు గాలి పొడిగా ఉంటుంది గనుక కూలర్ గదిని చెప్పుకోదగినంత చల్లబరుస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరగ్రామాల్లో గాలిలోనే తేమ నిండి ఉండడంతో అది ఉక్కపోతనే పెంచుతుంది. ఎక్కడైనా సరే, కూలర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మే నెలలో 29 డిగ్రీలకు దింపడం జరిగే పని కాదు.

కరెంటు పోతే?

ఒకటి రెండు గంటలైతే థర్మకోల్ పెట్టె మూత తీయకుండా ఉంటే చాలు. అంతకు మించితే, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచిన అర లీటరు నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి, గుడ్ల డబ్బాకు తగలకుండా థర్మకోల్ పెట్టె మూలన ఉంచండి. అరగంటకొకసారి థర్మామీటరు చూస్తూ, 26 దగ్గరికి రాగానే సీసా తీసేయాలి. వేసవి మొదలుకాగానే ఇలాంటి సీసాలు నాలుగు ఫ్రిజ్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. నవంబరు తుపానుల్లో రోజుల తరబడి కరెంటు లేని సందర్భాలు మన జిల్లాలకు కొత్త కాదు గానీ, ఆ కాలపు గది వేడి గుడ్లకు అనుకూలంగానే ఉంటుంది కాబట్టి కంగారు పడనక్కర్లేదు.

చీమల బెడద ఎలా తప్పించాలి?

నీళ్లు పోసిన నాలుగు గిన్నెల్లో బల్ల కాళ్లను నిలబెట్టండి. పాలగిన్నెలకూ పిండివంటల డబ్బాలకూ మన ఇళ్లలో ఎప్పటి నుంచో చేస్తున్న ఏర్పాటే ఇది. బల్ల గోడకు తగలకూడదు, వైర్లు నేల నుంచి పెట్టెకు వంతెనలా వేలాడకూడదు. ఎర్రచీమలు మొదట పాడైన గుడ్డు వాసనకు వస్తాయి, తరువాత పిల్ల చీల్చిన గుడ్డులోకి దూరతాయి. అప్పటికి పిల్ల తల మాత్రమే బయట పెట్టి, పారిపోలేని స్థితిలో ఉంటుంది. చీమల మందు సుద్ద, దోమల కాయిల్స్, ప్లగ్‌లో పెట్టే దోమల ద్రావణాలు ఆ గదిలో వాడకండి. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు పాములకు విషం. సన్నటి గింజల్లా ఉండి గుడ్ల మీద పరుగెత్తే చిన్న ఈగలు కనిపిస్తే, రంధ్రాలకు పలుచటి గుడ్డ అంటించి, పాడైన గుడ్లను వెంటనే తీసేయాలి.

గుడ్డు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మంచి గుడ్డు తెల్లగా, పొడిగా, తోలులా సాగే పెంకుతో నిండుగా ఉంటుంది. పసుపుపచ్చగా, మైనంలా, చిన్నగా ఉన్నవి ఫలదీకరణ జరగనివి. వారం గడిచాక చీకటి గదిలో గుడ్డును కదపకుండానే పక్క నుంచి చిన్న టార్చి వెలుతురు పడనిస్తే లోపల గులాబీ కాంతి, అందులో సన్నని ఎర్రని నాళాలు కనిపిస్తాయి. నాళాలు కనిపించని గుడ్డు పసుపుగా వెలుగుతుంది. అయినా తొందరపడి పారేయకండి, వాసన వచ్చేదాకా లేదా కూలిపోయేదాకా ఆగండి.

గుడ్డు మీద బూజు వచ్చింది, మరొకటి సొట్టపడింది. ఏం చేయాలి?

బతికి ఉన్న గుడ్డు సాధారణంగా బూజును తట్టుకుంటుంది. పొడి దూదితో మెల్లగా తుడిచి, డబ్బాలో తడి తగ్గించి, గాలి ఆడే రోజులను పెంచండి. సొట్ట విషయంలో ఎప్పుడు పడిందన్నదే ప్రధానం. మొదటి నెలలో అన్ని గుడ్లూ సొట్టలు పడితే తేమ చాలడం లేదని అర్థం. అంచుల వెంట కాస్త నీరు పోస్తే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ నిండుతాయి. చివరి రెండు వారాల్లో పడే సొట్టలు సహజం. అప్పుడు నీళ్లు పోసి డబ్బాను బురద చేయడం వల్లే ఎక్కువ గుడ్లు పోతాయి. ఆ దశలో లోపలి పిల్లకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, తడిసి మూసుకుపోయిన పెంకులోంచి అది అందదు.

పిల్లలు బయటికి వచ్చేటప్పుడు సాయం చేయాలా?

చేయకూడదు. పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న పంటితో పెంకును లోపలి నుంచి బ్లేడుతో గీసినట్టు చీలుస్తుంది. ముందు ఒక చీలిక, అందులోంచి ఒక చుక్క జిగురు ద్రవం, కొంతసేపటికి వేలి కొనంత తల. మీ నీడ పడితే తల లోపలికి వెళ్లిపోతుంది, గది నిశ్శబ్దంగా ఉంటే మళ్లీ బయటికి వస్తుంది. ఇలా ఒకటి రెండు రోజులు గడుస్తాయి. ఆ సమయంలో అది ఊపిరితిత్తులతో గాలి పీల్చడం అలవాటు చేసుకుంటూ, మిగిలిన పచ్చసొనను బొడ్డు ద్వారా కడుపులోకి తీసుకుంటూ ఉంటుంది. తొందరపడి లాగితే పచ్చసొన సంచి బయటే ఉండిపోయి చిరుగుతుంది, రక్తం కారి పిల్ల చనిపోతుంది. మొదటి పిల్ల చీల్చిన తరువాత రెండు మూడు రోజులు గడిచినా నిండుగా ఉన్న గుడ్డేదైనా చీలకపోతే, అప్పుడు మాత్రమే అనుభవం ఉన్నవారు సన్నని కత్తెరతో పైభాగాన చిన్న గాటు పెడతారు. మొదటిసారి పొదిగించేవారు ఆ పని చేయకపోవడమే మంచిది.

65 రోజులు దాటింది. ఇక ఆశ వదులుకోవాలా?

గుడ్డు తెల్లగా, వాసన లేకుండా ఉంటే ఆగండి. ఉష్ణోగ్రత 26 దగ్గర ఉండి ఉంటే 70 రోజులు దాటడం కూడా ఉంటుంది.

పిల్లలకు మొదటి మేత ఎప్పుడు, ఏమి పెట్టాలి?

పుట్టిన పిల్ల 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. మిగిలిన పచ్చసొన బలంతో వారం, పది రోజులు గడిపి మొదటి కుబుసం విడుస్తుంది. ఆ తరువాతే మేత. పుట్టి ఒకటి రెండు రోజులైన, ఇంకా వెంట్రుకలు రాని తెల్లెలుక పిల్ల ఒకటి చాలు. గడ్డకట్టించినదైతే గోరువెచ్చని నీటిలో పూర్తిగా మెత్తబరచి పెట్టాలి. ఒక్కో పిల్లను విడి డబ్బాలో పెట్టి, మేత వేసి, గుడ్డ కప్పి రాత్రంతా కదపకుండా వదిలేయండి. మొదటిసారి తినకపోవడం మామూలే. అయిదు రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించాలి.

ఇంటి ఎలుకలను, పొలం ఎలుకలను ఎంతమాత్రం పెట్టవద్దు. వరి పొలాల్లో జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ లాంటి ఎలుకల మందులు విరివిగా వాడతారు. మందు తిన్న ఎలుకను తిన్న పాము కూడా చనిపోవచ్చు. గుడ్లు పొదుగుతున్న రెండు నెలల్లోనే తెల్లెలుకలు ఎక్కడి నుంచి వస్తాయో ఖాయం చేసుకోవాలి. పిల్లలు వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

గుడ్లు పెట్టిన తల్లి సంగతేమిటి?

శుభ్రమైన నీళ్లు, ఒకటి రెండు రోజుల విశ్రాంతి ఇచ్చి, మామూలు కంటే చిన్న ఎరలను తరచుగా పెడుతూ పోయిన కండ తిరిగి వచ్చేదాకా మేపాలి. మగపాముతో మళ్లీ కలపకపోయినా, ఒంట్లో దాచుకున్న వీర్యంతో అదే ఏడు రెండో విడత గుడ్లు పెట్టవచ్చు. గుడ్లు పెట్టడం మొదలై, కొన్ని లోపలే ఉండిపోయి రెండు రోజులు గడిస్తే వైద్యం కావాలి. లోపలి గుడ్డును చేత్తో నొక్కి బయటికి నెట్టాలని చూడకండి. మన ఊళ్లలోని పశువైద్యులు ఎక్కువగా పాడిపశువులను, గొర్రెలను, కోళ్లను చూసేవారే. అందుకే పాములను చూసిన వైద్యుడు నెల్లూరులో ఉన్నారా, తిరుపతిలోని పశువైద్య కళాశాలకో చెన్నైకో వెళ్లాలా అన్నది జత కట్టించే ముందే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రమాదమా?

పాములు, వాటి గుడ్లు, పిల్లలు సాల్మొనెల్లా సూక్ష్మజీవులను మోసుకురావచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డబ్బాలను వంటింటి తొట్టిలో కడగకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, ముసలివారిని ఈ పనికి దూరంగా ఉంచడం మంచిది.

పిల్ల తప్పించుకుంటే?

అగరుబత్తి పట్టేంత సందులోంచి కూడా జారిపోగలదు కనుక మూతలకు క్లిప్పులు తప్పనిసరి. తప్పించుకుంటే తలుపుల కింద గుడ్డలు కుక్కి, రాత్రి దీపాలార్పి, గోడల వెంట టార్చితో వెతకాలి. వీపు మీద మచ్చలున్న చిన్న పామును చూసి పొరుగువారు రక్తపింజర పిల్ల అనుకుని కొట్టి చంపడం సహజం, వారి భయంలో తప్పు లేదు. అందుకే ఇంట్లో ఏ పాములున్నాయో పక్కింటివారికి ముందే చెప్పి, ఫొటో చూపించి ఉంచాలి. పెంచలేక ఊరి చివర వదిలేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. కరీబియన్ సముద్రంలోని కేమన్ దీవులకు బయటి నుంచి చేరిన కార్న్ స్నేక్‌లు అక్కడే స్థిరపడి పరాయి జాతిగా మిగిలిపోయాయి. మన జెర్రిపోతులు బతికే పొలాల్లో మరో దేశపు పాముకు చోటు లేదు.

పొలంలో, ఇసుక కుప్పలో పాము గుడ్లు దొరికాయి. వాటిని కూడా ఇలాగే పొదిగించవచ్చా?

వీల్లేదు. అవి జెర్రిపోతువో, నాగుపామువో, కట్లపామువో చూసి చెప్పడం శిక్షణ లేనివారికి సాధ్యం కాదు. నాగుపాము తల్లి గుడ్ల దగ్గరే కాపలా ఉంటుంది కాబట్టి అక్కడ చెయ్యి పెట్టడమే ప్రాణాపాయం. నాగు పిల్లకు గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజు నుంచే విషం ఉంటుంది. రక్తపింజర అసలు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. కిటికీ మూలల్లోనూ బోర్డుల వెనుకా కనిపించే గుండ్రటి గట్టి పెంకు గుడ్లు బల్లివి, వాటి వల్ల ఏ హానీ లేదు. పొలంలో గుడ్లు కనిపిస్తే వాటిని కదపకుండా, మట్టి తొలగి ఉంటే పారతో దూరం నుంచి కప్పి, పనివాళ్లను ఆ చోటికి వెళ్లవద్దని చెప్పి, అటవీ శాఖ సిబ్బందికి కబురు చేయండి. వారు వచ్చేదాకా ఆ గట్టు మీద కోత గానీ దున్నకం గానీ ఆపాలి.